దక్షిణ ధ్రువం దారిలో బండి ఎవరు లాగితే మేలు: కుక్కా, గుర్రమా, ఇంజనా, మనిషా?

దక్షిణ ధ్రువ యాత్ర అనగానే ముందు చలి గుర్తుకొస్తుంది. చలిని ఆపడానికి తోలు బట్టలున్నాయి, గుడారముంది, పొయ్యి ఉంది. అంతకంటే మొండి సమస్య మేత. సముద్రతీరం వదిలి మంచు మీద లోపలికి వెళ్తే గడ్డిపరక మొలవదు, వేటాడటానికి జంతువు దొరకదు. వెళ్లి రావడానికి మూడు నుంచి ఐదు నెలలు పడుతుంది. అన్నాళ్లూ తినేదంతా మంచుబండి మీద వెంట రావాలి. ఆ బండిని లాగే ప్రాణి కూడా తినాలి, దాని తిండీ ఆ బండి మీదే ఉండాలి. గుడారం, పొయ్యి, పరికరాలు ఎన్ని కిలోలని తూచే ముందు ఈ లెక్క తేలాలి.

ఇరవయ్యో శతాబ్దం తొలి పదిహేనేళ్లలో అంటార్కిటికాకు వెళ్లినవాళ్లు ఈ లెక్కను నాలుగు విధాలుగా వేశారు. కొందరు కుక్కల్ని నమ్మారు, కొందరు పొట్టి గుర్రాల్ని, కొందరు మోటారును. ఎవరూ లేనప్పుడు, కొన్నిసార్లు కావాలనే, మనుషులే భుజాలకు పట్టీలు తగిలించుకుని లాగారు. ధ్రువాన్ని ముందు చేరిన నార్వే యాత్రికుడు అముండ్‌సెన్ గొప్పా, ఆయన తర్వాత చేరి తిరుగు దారిలో చనిపోయిన బ్రిటిష్ యాత్రికుడు స్కాట్ గొప్పా అనే వాదన నూరేళ్లకు పైగా సాగుతోంది. ఆ వాదనలోకి నేను వెళ్లను. బండికి ఏం కట్టాలన్నదే ఇక్కడి ప్రశ్న.

గుర్రాలు

గుర్రాల మీద నమ్మకం కలిగించినవాడు ఎర్నెస్ట్ షాకిల్టన్. నిమ్రోడ్ ఓడ మీద 1907లో బయల్దేరిన ఆయన పది మంచూరియా గుర్రాలను అంటార్కిటికాకు ఓడ ఎక్కించాడు. ధ్రువం వైపు ప్రయాణం మొదలయ్యేనాటికి వాటిలో నాలుగే బతికి ఉన్నాయి. మూడింటిని దారిలో కాల్చి, మాంసాన్ని తిరుగు ప్రయాణానికి దాచారు. సాక్స్ అనే నాలుగో గుర్రం 1908 డిసెంబరు 7న బియర్డ్‌మోర్ హిమానీనదం మీద మంచు పగుల్లో పడి కనిపించకుండా పోయింది. అయినా షాకిల్టన్ బృందం 1909 జనవరి 9న 88 డిగ్రీల 23 నిమిషాల దక్షిణ అక్షాంశం దాకా వెళ్లింది. ధ్రువం అక్కడికి 180 కిలోమీటర్లు. అంతకుముందు ఎవరూ అంత దూరం వెళ్లలేదు.

ఈ విజయాన్ని తర్వాతివాళ్లు సరిగ్గా చదవలేదని నా అభిప్రాయం. గుర్రాలు పనికొచ్చింది చదునైన మంచు పలక మీద మాత్రమే. సాక్స్ పోయాక హిమానీనదం ఎక్కినదీ, పీఠభూమి మీద నెల్లాళ్లు లాగినదీ నలుగురు మనుషులు. ఆ సంగతి పక్కకు పోయి, గుర్రాలతో దాదాపు ధ్రువం దాకా వెళ్లారన్న మాట మిగిలింది.

రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ టెర్రా నోవా ఓడలో 19 గుర్రాలను తీసుకెళ్లాడు. వాటిని కొనడానికి మంచూరియా వైపు వెళ్లింది సెసిల్ మీర్స్. ఆయన కుక్కల విషయంలో నిపుణుడు. బృందంలో గుర్రాలు తెలిసిన మనిషి లారెన్స్ ఓట్స్, భారతదేశంలోనూ పనిచేసిన అశ్వికదళ అధికారి. ఆయన్ని కొనుగోలుకు పంపలేదు. షాకిల్టన్ గుర్రాల్లో తెల్లవే ఎక్కువకాలం బతికాయని, తెల్లవే ఏరి తెమ్మన్నారు. వచ్చిన గుర్రాలను చూసి ఓట్స్ గుండె జారిపోయింది. వయసు మళ్లినవి, కుంటేవి ఉన్నాయి. ఏ జంతువును ఎన్నుకోవాలన్న నిర్ణయం ఒకచోట జరిగి, ఆ జంతువు గురించి తెలిసినవాడు మరోచోట ఉండిపోవడం ఈ కథలో పదే పదే కనిపిస్తుంది.

గుర్రానికి మంచు ఎందుకు పడదో చూద్దాం. గుర్రం ఒళ్లంతా చెమట పడుతుంది. ఆగిన మరుక్షణం ఆ చెమట వెంట్రుకల మీద గడ్డకడుతుంది. గిట్ట చిన్నది, మోసే బరువు పెద్దది, అందుకని మెత్తని మంచులో పొట్ట దాకా దిగబడుతుంది. ప్రతి మజిలీలో గాలి తగలకుండా దాని చుట్టూ మంచు గోడ కట్టాలి, అదీ రోజంతా నడిచి అలసిన మనుషులే కట్టాలి. రోజుకు నాలుగైదు కిలోల దాణా కావాలి. ఆ దాణాలో ఒక్క గింజ కూడా ఆ నేలలో దొరికేది కాదు, అంతా ఓడ మీద రావలసిందే. పైగా వసంతం మొదట్లోని చలిని గుర్రం తట్టుకోదు కాబట్టి బయల్దేరడం ఆలస్యమవుతుంది. అముండ్‌సెన్ 1911 అక్టోబరు 19న బయల్దేరితే, స్కాట్ గుర్రాలు నవంబరు 1న కదిలాయి. ఎండాకాలమే నాలుగు నెలలున్న చోట పదమూడు రోజులు చిన్న సంగతి కాదు. ఆ పదమూడు రోజులూ తిరుగు ప్రయాణం చివర మార్చి చలిగా ఎదురొచ్చాయి.

గుర్రాల వల్ల జరిగిన అసలు నష్టం అంతకు ముందే, 1911 ఫిబ్రవరిలో జరిగింది. తిరుగు దారిలో అవసరమయ్యే తిండినీ ఇంధనాన్నీ ముందే దాచిపెట్టే ప్రయాణం అది. పెద్ద డిపోను 80వ అక్షాంశం దగ్గర పెట్టాలని అనుకున్నారు. గుర్రాలు నీరసించాయి. వాటిని అక్కడే చంపి మాంసం దాచి ముందుకు పోదామన్నాడు ఓట్స్. ఆ జీవాలను అంతగా హింసించడం తనవల్ల కాదని స్కాట్ ఆగిపోయాడు. ‘వన్ టన్ డిపో’ 79 డిగ్రీల 29 నిమిషాల దగ్గర, అనుకున్న చోటికి 57 కిలోమీటర్లు ఉత్తరాన వెలిసింది. మరుసటి ఏడాది మార్చిలో స్కాట్, విల్సన్, బవర్స్ కన్నుమూసిన గుడారం ఆ డిపోకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇంతా చేసి, స్కాట్ కనికరించిన గుర్రాలూ బతకలేదు. డిపో ప్రయాణానికి వెళ్లిన ఎనిమిదింటిలో రెండే ప్రాణాలతో తిరిగొచ్చాయి.

భారతదేశపు పేరు ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. రెండో ఏడాది కోసం ఓట్స్ సలహా మీద మన దేశం నుంచి ఏడు కంచర గాడిదలను తెప్పించారు. లాల్ ఖాన్, గులాబ్, బేగం, రాణీ, అబ్దుల్లా, ప్యారీ, ఖాన్ సాహిబ్ వాటి పేర్లు. పర్వత సైన్యంలో శిక్షణ పొందినవి కావడంతో గుర్రాల కంటే బాగా నడిచాయి. 1912 అక్టోబరు చివర స్కాట్ కోసం వెతకడానికి బయల్దేరిన బృందంలో ఇవి ముందు సాగాయి. నవంబరు 12న గుడారం కనిపించేదాకా నడిచాయి కూడా. తమకు తెచ్చిన దాణాను మాత్రం ముట్టక, తాళ్లూ టీ ఆకులూ నమిలాయి. హిమాలయ దారులకు అలవాటుపడిన జంతువుకే ఇలా ఉంటే, మేతకు బయటి లోకం మీద ఆధారపడే ఏ జంతువైనా అక్కడ అతిథే.

మోటారు

దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. స్కాట్ మూడు మోటారు బండ్లు తీసుకెళ్లాడు. పళ్ల పట్టీల మీద నడిచే యంత్రాలు, ఆ కాలానికి సాహసమైన ఆలోచన. ఒకటి 1911 జనవరిలో ఓడ నుంచి దింపుతుండగానే మంచు విరిగి సముద్రంలో మునిగింది. మిగతా రెండూ అక్టోబరు 24న బయల్దేరి, మంచు పలక మీద కొద్ది రోజుల్లోనే ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయాయి. గాలితో చల్లబడే ఆ ఇంజన్లు అంత చలిలోనూ వేడెక్కి లోపలి భాగాలు పగిలాయి. వాటిని తయారుచేయడంలో ముఖ్యపాత్ర వహించిన ఇంజనీరు రెజినాల్డ్ స్కెల్టన్‌ను హోదాల తగాదా వల్ల యాత్రకు తీసుకెళ్లలేదు. తెలిసినవాడు మరోచోట ఉండిపోవడం ఇక్కడా అంతే. మోటార్ల వెంట వెళ్లిన నలుగురు ఆ తర్వాత సామాను తామే లాగారు.

ఆలోచన తప్పు కాదు, కాలం ఇంకా రాలేదు. 1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ బృందం మార్పులు చేసిన వ్యవసాయ ట్రాక్టర్ల మీద దక్షిణ ధ్రువం చేరింది. 1911లో మాత్రం మోటారు పోటీలో లేదు.

మనిషి

మనిషే లాగాలన్న పట్టుదల ఎక్కడి నుంచి వచ్చింది? 1902 నుంచి. స్కాట్, షాకిల్టన్, ఎడ్వర్డ్ విల్సన్ ఆ ఏడాది నవంబరులో 19 కుక్కలతో దక్షిణానికి వెళ్లారు. ముగ్గురికీ కుక్కలు తోలడం రాదు, స్కీల మీద అనుభవం అంతంత మాత్రం. కుక్కలకు తెచ్చిన ఎండుచేప ఉష్ణమండలం మీదుగా ఓడలో వచ్చేటప్పుడే చెడిపోయింది. అది తిని కుక్కలు జబ్బుపడ్డాయి. ఒక్కొక్కటిగా చచ్చినవాటిని, చంపినవాటిని మిగతావాటికి పెట్టారు. చివరికి ఒక్కటీ మిగల్లేదు. 82 డిగ్రీల 17 నిమిషాల దగ్గర వెనుదిరిగి మనుషులే లాక్కుంటూ వచ్చారు. షాకిల్టన్ దారిలో మంచానపడేంత జబ్బుపడ్డాడు.

ఆ యాత్ర స్కాట్ మనసులో రెండు గాయాలు చేసింది. కుక్కలు నమ్మదగినవి కావన్నది ఒకటి, నమ్మి వెంట వచ్చిన జీవాన్ని కోసి పక్క జీవానికి పెట్టడం హేయమన్నది రెండోది. ఎవరి సాయమూ లేకుండా మనిషి తన కండబలంతో తెలియని నేలను గెలవడమే ఉన్నతమని ఆయన రాసుకున్నాడు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. మనిషి లాగే బండికి కొన్ని మేళ్లున్నాయి. దారిలో ఏదైనా అడ్డం వస్తే మనిషి ఆలోచిస్తాడు. మూగజీవాన్ని చంపే అవసరం రాదు. చావుబతుకుల మధ్య కూడా స్కాట్ బృందం సుమారు 16 కిలోల రాళ్లను వదలకుండా లాక్కొచ్చింది. గ్లాసోప్టెరిస్ అనే పురాతన వృక్షపు ఆకుల ముద్రలు ఆ రాళ్లలో ఉన్నాయి. మన దేశపు బొగ్గు పొరల్లోనూ దొరికే శిలాజమే అది. ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవన్న వాదనకు ఆ రాళ్లు ఊతమిచ్చాయి. వేగమొక్కటే ఇక్కడ కొలబద్ద కాదు.

కానీ మేత లెక్కలో మనిషి ఘోరంగా ఓడిపోతాడు. పీఠభూమి మీద ఒక్కొక్కరి రోజు తిండి సుమారు 4,500 కేలరీలు. మూడు వేల మీటర్ల ఎత్తున, ఆ చలిలో, తొంభై కిలోల బరువు లాగే ఒంటికి ఆరు వేలు దాటి కావాలి. అంటే కడుపు నిండా తిన్న రోజున కూడా ఒళ్లు కరిగిపోతూనే ఉంటుంది. అందరిలోకీ భారీ మనిషి ఎడ్గార్ ఎవాన్స్. ఆయనకూ మిగతావాళ్లంతే తిండి. స్కాట్‌తో కలిపి ధ్రువం దాకా వెళ్లిన ఐదుగురిలో ముందు కూలిపోయింది ఆయనే, 1912 ఫిబ్రవరి 17న. ఒక నెల తర్వాత ఓట్స్. మిగిలిన ముగ్గురికీ స్కాట్ దినచర్యలో చివరి తేదీ మార్చి 29. కుక్క అలసిపోతే దాన్ని బండి మీద ఎక్కించుకోవచ్చు, లేదా తెగించి చంపవచ్చు. మనిషి అలసిపోతే జట్టంతా ఆగుతుంది. ఎవాన్స్ కోసం ఆగారు, ఓట్స్ కోసం ఆగారు. ఆగడమే ధర్మం కూడా. అందుకే మనుషులు లాగే బండిలో ఒకరి నీరసం అందరి మృత్యువు అవుతుంది.

కుక్కలు

ఇక కుక్క. దాని చర్మానికి గుర్రంలా చెమట పట్టదు. నాలుక చాచి వగరుస్తూ ఒంట్లో వేడి తీసేసుకుంటుంది. తుఫాను వస్తే తోక ముక్కు మీద కప్పుకుని ముడుచుకు పడుకుంటుంది. మీద మంచు పేరుకుంటే అదే దుప్పటి. గోడ కట్టనక్కర్లేదు. ముప్పై నలభై కిలోల బరువు నాలుగు వెడల్పాటి పాదాల మీద పడుతుంది కాబట్టి, మనిషి కాలు పెడితే కూలే మంచు పైకప్పు మీద కూడా అది పరుగెత్తిపోతుంది. కూలినా తాడుకు వేలాడుతుంది, పైకి లాగవచ్చు. 1911 ఫిబ్రవరిలో స్కాట్ కుక్కల జట్టే ఇలా పగుల్లో పడింది. ముందున్న ఉస్మాన్ అనే కుక్క కాళ్లు తన్నిపట్టి బరువంతా ఆపింది. అట్టడుగున పడిన రెండు కుక్కల కోసం స్కాట్ స్వయంగా తాడు పట్టుకుని దిగాడు. ఆయనకు కుక్కలంటే దయ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అన్నిటికంటే పెద్ద సంగతి, కుక్క మాంసాహారి. తీరం వెంట సీళ్లు పుష్కలం. వాటి మాంసం మనిషికీ కుక్కకూ ఒకేలా పనికొస్తుంది. బండి లాగే జంతువుల్లో మేత ఓడ మీద తెచ్చుకోనక్కర్లేనిది ఇదొక్కటే. ఇంకో సంగతి ఉంది, చెప్పడానికి కష్టమైనది: కుక్క కుక్కను తింటుంది. బండి తేలికయ్యేకొద్దీ లాగేవి తగ్గుతాయి, తగ్గినవి మిగతావాటికి తిండి అవుతాయి.

ఈ పద్ధతిని ముందు తన మీద పరీక్షించుకున్నవాడు నార్వే దేశస్థుడు ఫ్రిడ్జాఫ్ నాన్సెన్. 1895లో ఆయన, యోహాన్సెన్ 28 కుక్కలతో ఉత్తర ధ్రువం వైపు వెళ్లి 86 డిగ్రీలు దాటారు. తిరిగి నీళ్లున్న చోటికి చేరేసరికి రెండే కుక్కలు మిగిలాయి. పడవలో వాటికి చోటు లేదు. తన కుక్కను తాను కాల్చలేక ఒకరి కుక్కను మరొకరు కాల్చారు. కుక్కల్ని ప్రేమించనివాళ్లు చేసే పని కాదది.

అముండ్‌సెన్ ఆ లెక్కను మరింత బిగించాడు. 1903 నుంచి 1906 దాకా గ్యోవా ఓడ యాత్రలో ఆర్కిటిక్ కెనడాలో నెట్సిలిక్ ఇన్యూట్ ప్రజల మధ్య ఉండి, తోలు దుస్తులు ఎలా వేసుకోవాలో, కుక్కల్ని ఎలా తోలాలో నేర్చుకున్నాడు. దక్షిణ ధ్రువ విజయంలో ఆ ప్రజల వాటా చాలా పెద్దది. వాళ్ల పేర్లు ఆ విజయగాథల్లో కనిపించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. గ్రీన్లాండ్ కుక్కలు 97 ఓడ ఎక్కాయి, దారిలో పిల్లలు పుట్టి 116 దిగాయి. ధ్రువం దారి పట్టిన ఐదుగురిలో హెల్మర్ హాన్సెన్, స్వెర్రె హాసెల్ కుక్కలు తోలడంలో చేయి తిరిగినవాళ్లు, ఓలావ్ బ్యోలాండ్ పేరున్న స్కీ క్రీడాకారుడు. వెంట నాలుగు బండ్లు, 52 కుక్కలు. ముందే 80, 81, 82 అక్షాంశాల దగ్గర దాదాపు మూడు టన్నుల సరుకు దాచారు. అందులో సీలు మాంసం చాలా ఉంది. పొగమంచులో డిపో తప్పిపోకుండా దానికి రెండు వైపులా అడ్డంగా వరుసగా జెండాలు పాతారు. రోజుకు ఐదారు గంటలే ప్రయాణం, మిగతా సమయం కుక్కలకు విశ్రాంతి.

కుక్కలు హిమానీనదం ఎక్కలేవన్నది స్కాట్ అనుమానం. అముండ్‌సెన్ కుక్కలు ఆక్సెల్ హైబర్గ్ హిమానీనదాన్ని ఒక టన్ను బరువుతో నాలుగు రోజుల్లో ఎక్కేశాయి. పైకి చేరిన 42 కుక్కల్లో 24ను ఆ సాయంత్రమే చంపారు. ఎవరి జట్టులోవి వాళ్లే చంపాలని ఒప్పందం. ఆ చోటికి వాళ్లే ‘కసాయి కొట్టు’ అని పేరు పెట్టారు. 18 కుక్కలతో ముందుకెళ్లి 1911 డిసెంబరు 14న ధ్రువం చేరారు. 1912 జనవరి 25న, 99వ రోజున, 11 కుక్కలతో స్థావరానికి తిరిగొచ్చారు. ఐదుగురూ క్షేమం. వాళ్ల స్థావరం స్కాట్ స్థావరం కంటే ఒక డిగ్రీ, అంటే సుమారు 110 కిలోమీటర్లు ధ్రువానికి దగ్గరన్న మాట కూడా లెక్కలో వేసుకోవాలి. అయినా తేడా అంత దూరంతో తీరేది కాదు.

కుక్కలుంటే చాలు, గండం గడిచినట్టేనా? కాదనడానికి డగ్లస్ మాసన్ యాత్రే చాలు. 1912 డిసెంబరు 14న నిన్నిస్ అనే సహచరుడు, ఆరు బలమైన కుక్కలు, తిండిలో ఎక్కువ భాగం ఉన్న బండి ఒక్క క్షణంలో మంచు పగుల్లోకి పోయాయి. స్థావరానికి అక్కడి నుంచి ఐదు వందల కిలోమీటర్లు. మిగిలిన బలహీనమైన కుక్కల్ని తింటూ మాసన్, మరో సహచరుడు మెర్ట్జ్ వెనక్కి నడిచారు. మెర్ట్జ్ 1913 జనవరి 8న చనిపోయాడు. కుక్కల కాలేయంలోని ‘ఎ’ విటమిను అతిగా ఒంటికి పట్టడం కారణం కావచ్చని తర్వాత కొందరు వైద్యులు వాదించారు. మాసన్ ఒంటరిగా చేరాడు.

నా తీర్పు

ఈ నాలుగింటిలో కుక్కే మేలు, సందేహం లేదు. అయితే 1902లో ఉన్నవీ కుక్కలే, 1911లో ఉన్నవీ కుక్కలే. మధ్యలో మారింది తోలేవాడు, తిండి. నేను కుక్కను ఒక్కదాన్నే ఎన్నుకోను. కుక్కనూ, దాన్ని ఎరిగిన మనిషినీ, దాని కోసం ముందే దాచిన మాంసాన్నీ కలిపి ఎన్నుకుంటాను. ఆ మూడింటిలో ఏది లోపించినా గుర్రం, కుక్క, మనిషి అనే తేడా చెరిగిపోతుంది.

హింస మాట దాటేయడం నాకు చేతకాదు. అముండ్‌సెన్ చంపిన కుక్కలు ఇప్పటికీ గుచ్చుకుంటాయి. కానీ స్కాట్ బృందంతో ధ్రువం దారిలో బయల్దేరిన పది గుర్రాల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. చివరి ఐదింటిని డిసెంబరు 9న బియర్డ్‌మోర్ పాదం దగ్గర కాల్చారు, అదీ నాలుగు రోజుల తుఫానులో పస్తులు పడ్డాక. గుర్రాల పద్ధతి దయగలదని, కుక్కల పద్ధతి క్రూరమైనదని విడదీయడం నాకు కుదరలేదు. రెండింటిలోనూ జంతువు తిరిగి రాదు. కనీసం కుక్క తన ఒంటికి సరిపడే చోట పనిచేసింది. గుర్రం తన ఒంటికి సరిపడని చోట, రోజూ కాళ్లు దిగబడుతూ, చెమట గడ్డకడుతూ పనిచేసింది.

స్కాట్ దగ్గర కుక్కలు లేకపోలేదు. ముప్పైకి పైగా ఉన్నాయి. గుర్రాల వెనకాల ఆలస్యంగా బయల్దేరి కూడా సునాయాసంగా వాటిని కలుసుకున్నాయి. బియర్డ్‌మోర్ అడుగున, డిసెంబరు 11న, వాటిని వెనక్కి పంపేశారు. 1912 మార్చి 4న ఆ కుక్కల్లోనే రెండు జట్లతో చెర్రీ-గరార్డ్ అనే యువకుడు, డిమిత్రి అనే రష్యన్ కుక్కల తోలరి వన్ టన్ డిపో చేరారు. ఆ యువకుడికి దూరపు చూపు తక్కువ, దిక్కు లెక్కగట్టడం తెలియదు. డిపోలో మనుషుల తిండి ఉంది. కుక్కల తిండి దాచలేదు. కుక్కల్ని ప్రమాదంలో పెట్టవద్దని ముందే ఆదేశముంది. తుఫానులో ఆరు రోజులు కాచుకుని, మార్చి 10న వాళ్లు ఉత్తరానికి తిరిగారు. ఆ రోజున స్కాట్, ఓట్స్, విల్సన్, బవర్స్ అక్కడికి నూరు కిలోమీటర్లకు కాస్త పైన, దక్షిణాన, బండి లాగుతున్నారు.